శరత్కాలపు పెరటి కాపు: కోయడం, పంచడం, దాచుకోవడం

వానలు వెనకపట్టి, ఎండలో చురుకు తగ్గే ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో పెరటి పందిళ్లు బరువెక్కుతాయి. మృగశిర కార్తె తర్వాత పెట్టిన ఆనప, బీర, పొట్ల పాదులు అప్పటికి పందిరంతా అల్లుకుని ఉంటాయి. బెండ మొక్కలు నడుము ఎత్తు దాటతాయి. గోంగూర, తోటకూర, బచ్చలి కోసిన చోటే మళ్లీ చిగురు వేస్తుంటాయి. ఆగస్టులో ఒక్క పిందె నిలిస్తే చాలని ఎదురుచూసిన ఇంట్లోనే అక్టోబరు వచ్చేసరికి "ఇన్ని కాయలు ఏం చేసుకోవాలి?" అనే ప్రశ్న మొదలవుతుంది.

పెద్దవాళ్లు దీనికి ఎప్పటినుంచో చెప్పే జవాబు నాలుగిళ్లకు పంచమని. ఇరుగుపొరుగు బాగుండాలని చెప్పిన మాటగా దాన్ని తీసుకుంటాం. పాదు ఎలా కాస్తుందో, కోసిన కాయలో ఏం జరుగుతుందో తెలుసుకుంటే అదే మంచి తోటపని కూడా అని తెలుస్తుంది. పంచాలంటే వెంటవెంటనే కోయాలి. వెంటవెంటనే కోస్తేనే పాదు కాస్తూ ఉంటుంది.

ఈ కాలంలోనే ఎందుకింత కాపు?

ఆనప, బీర, గుమ్మడి, దోస, పొట్ల ఒకే కుటుంబానికి చెందిన తీగలు. వీటిలో సాధారణంగా ఒకే తీగ మీద మగ పూలు, ఆడ పూలు వేరువేరుగా పూస్తాయి. పువ్వు కింద బుల్లి పిందె ఉంటే అది ఆడ పువ్వు, సన్నని కాడ మాత్రమే ఉంటే మగ పువ్వు. తీగ మొదట్లో మగ పూలే ఎక్కువగా పూస్తుంది. పగటి పొద్దు ఎక్కువగా ఉండి, వేడి ఎక్కువగా ఉన్నప్పుడు కూడా మగ పూల వైపే మొగ్గు చూపుతుంది. పొద్దు తగ్గి రాత్రులు చల్లబడితే ఆడ పూల పాలు పెరుగుతుంది. హైదరాబాదులో జూన్ చివర పగలు సుమారు 13 గంటలు. సెప్టెంబరు చివరికి అది 12 గంటలకు దిగి, డిసెంబరులో 11 గంటలకు చేరుతుంది. ఈ ఒకటి రెండు గంటల తేడాను మొక్కలు గుర్తుపడతాయి.

రెండో కారణం వాన తెరిపి. ఈ తీగల పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాలికి ఎగరదు, ఎవరో మోసుకెళ్లాలి. ముసురు పట్టిన రోజుల్లో తేనెటీగలు బయటికి రావు, తడిసిన పుప్పొడి పనికిరాదు. అందుకే శ్రావణంలో పిందెలు పసుపురంగుకు తిరిగి రాలిపోతుంటే పురుగు పట్టిందని కంగారుపడతాం గానీ, చాలాసార్లు అక్కడ జరగనిది పరాగసంపర్కమే. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. దానికి తేనెటీగలు కావాలి. ఆనప తెల్లపూలు, బీర పచ్చపూలు పొద్దువాలే వేళ విచ్చుకుంటాయి. ఆనప పూల మీదికి రాత్రిపూట రెక్కల పురుగులు కూడా వస్తాయి. వాన తెరిపిచ్చాక ఈ రాకపోకలన్నీ సాఫీగా సాగి, నిలిచే పిందెల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది.

తెలంగాణలో సరిగ్గా ఇదే సమయానికి బతుకమ్మ వస్తుంది. తంగేడు, గునుగుతో పాటు గుమ్మడి పూలూ కోస్తారు. పూలన్నీ కోసేస్తే కాయలేం మిగులుతాయని కొత్తగా తోట వేసినవాళ్లకు బెంగ. గుమ్మడి తీగ మీద మగ పూలే చాలా ఎక్కువ. పిందె లేని పూలు మాత్రమే కోసి, పుప్పొడి కోసం కొన్నింటిని తీగ మీద ఉంచేస్తే కాపుకు వచ్చే లోటేమీ లేదు.

పొద్దు తగ్గడం అన్ని మొక్కలకూ ఒకేలా పనిచేయదు. గోంగూరకు (తెలంగాణలో పుంటికూర) అది పూతకు వచ్చే సూచన. పూత మొదలైతే మొక్క శక్తి మొగ్గలకు, కాయలకు మళ్లుతుంది. కొత్త ఆకు చిన్నదవుతుంది, కాడ ముదురుతుంది. కాబట్టి ఆకు కోసం పెంచే గోంగూరను ఆశ్వయుజం దాటకముందే గట్టిగా కోసుకోవాలి. నాటు చిక్కుడు రకాలు చాలావాటికీ పూత రావడానికి పొద్దు తగ్గాల్సిందే. వానాకాలమంతా పందిరి నిండా ఆకేసి ఒక్క పువ్వూ చూపని చిక్కుడు పాదును పీకేయకండి. అది తన వేళ కోసం చూస్తోంది.

కోస్తేనే కాస్తుంది

బెండకాయ రెండు రోజులు కోయడం మరిచిపోతే కొమ్ములా గట్టిపడుతుంది. అది పారేయడం ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం మొక్కకు జరుగుతుంది.

మొక్క దృష్టిలో కాయ అంటే విత్తనాల సంచి. విత్తనాలు ముదరడం మొదలవగానే ఆకుల్లో తయారైన చక్కెరల్లో పెద్ద భాగాన్ని ఆ కాయే లాక్కుంటుంది. ఎదుగుతున్న విత్తనాల నుంచి ఆక్సిన్ వంటి హార్మోన్లు వెలువడి తర్వాతి పిందెల ఎదుగుదలను అణచిపెడతాయి. దోస తీగల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి కాయను తీగ మీదే ముదరనిస్తే వెనక వచ్చే పిందెలు పెరగకుండా నిలిచిపోతాయి, కొన్ని ఎండి రాలతాయి. విత్తనం ముదిరితే ఏడాది పని పూర్తయినట్టే. ఇక కొత్త పూత కోసం ఖర్చుపెట్టడం దండగ అన్నట్టు మొక్క ప్రవర్తిస్తుంది.

లేత కాయ కోస్తే ఆ పని ఆగుతుంది. మొక్క మళ్లీ పూస్తుంది. అందుకే బెండను పువ్వు విచ్చిన 4 నుంచి 6 రోజుల్లో, రెండు రోజులకోసారి కోయాలి. ఆనపకాయ రెండు వారాల లోపే కూరకు వస్తుంది. గోరు గుచ్చితే తొక్కలోకి సులువుగా దిగాలి. బీరకాయ కొన పట్టుకుని మెల్లగా వంచితే వంగాలి, పెళుసుగా విరిగితే ఇంకా మంచిది. ఆకులచాటున దాగి ముదిరిపోయిన కాయ కూరకు పనికిరాకపోయినా సరే, కనిపించిన వెంటనే తెంచేయాలి. తోటకూర, బచ్చలి కొసలు తుంచితే పక్క కణుపుల నుంచి రెండేసి చిగుళ్లు వస్తాయి. కొసలో తయారయ్యే ఆక్సిన్ అప్పటిదాకా వాటిని నిద్రపుచ్చి ఉంచుతుంది.

ఇక్కడే ఇంటి లెక్క తేడా వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలోక్యాలరీలు తీసుకునే మనిషి పళ్లెంలో ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు ఉండాలి. మన ఇళ్లలో చాలావాటిలో అంత తినం. కాపు దిగే ఈ రెండు నెలలు ఆ కొలతకు చేరే మంచి అవకాశం: అన్నం తగ్గించి కూర పెంచడం, బీరకాయ కూరతో పాటు బీరపొట్టు పచ్చడి, పప్పులో ఆకుకూర, ఆనపకాయ తొక్కతో వేపుడు. అయితే నలుగురున్న ఇల్లు కూడా రోజూ ఆనపకాయే తినలేదు. మూడో రోజుకు పిల్లలు కంచం ముందు మొహం ముడుచుకుంటారు. అక్కడ కోయడం ఆగితే పాదు కూడా ఆగుతుంది. మిగిలిన కాయ పక్కింటికి వెళ్లగలిగితేనే కత్తి ఆగదు.

కోసిన కాయ ఊపిరి తీస్తుంది

తీగ నుంచి తెంచినా కూరగాయ చచ్చిపోదు. లోపలి కణాలు ఆక్సిజన్ పీల్చుకుంటూ, దాచుకున్న చక్కెరలను కరిగించుకుంటూ, వేడినీ నీటి ఆవిరినీ బయటికి వదులుతుంటాయి. తేడా ఏమిటంటే వేరు నుంచి నీళ్లు రావు, ఆకు నుంచి చక్కెర రాదు. ఉన్నది ఖర్చుపెట్టుకోవడమే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ ఖర్చు సుమారు రెండు మూడు రెట్లు అవుతుంది.

అందరి ఖర్చూ ఒకటి కాదు. తోటకూర, బెండ, చిక్కుడు వంటి లేత కూరలు గబగబా ఖర్చైపోతాయి. కోసిన బెండకాయలను సంచిలో కుక్కి మూట కడితే గంటలో లోపల చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. ఆనప, దోస మధ్యరకం. బాగా పండి తొక్క గట్టిపడిన గుమ్మడి, బూడిద గుమ్మడి గాలి తగిలే నీడలో నెలల తరబడి ఉంటాయి. ఉట్టి మీదో అటక మీదో గుమ్మడికాయలు పెట్టుకునే అలవాటు వెనక ఉన్నది ఇదే. పంచేటప్పుడు వరస కూడా దీన్నిబట్టే: ఆకుకూర, బెండ ఆ రోజే, బీర, పొట్ల మర్నాటికి, ఆనప రెండు మూడు రోజులకు, గుమ్మడికి తొందరే లేదు.

ఆకుకూర బరువులో సుమారు 5 శాతం నీరు పోయినా వాడిపోయినట్టు కనిపిస్తుంది. వాడే కొద్దీ విటమిన్ సి కూడా వేగంగా తగ్గుతుంది. తెల్లవారుజామున కోసిన ఆకులో రాత్రంతా వేరు తాగిన నీరు నిండి ఉంటుంది, రాత్రి చల్లదనమూ మిగిలి ఉంటుంది. అదే ఆకును మధ్యాహ్నం కోస్తే అప్పటికే దాహంతో ఉన్నదాన్ని తెచ్చినట్టు. ఉదయం కోసి, తడిగుడ్డలో చుట్టి, వంట మొదలయ్యేలోపు పక్కింటికి చేర్చిన కట్టకు బజారులో దొరికే కట్ట సాటిరాదు. బజారు కట్ట చేలోంచి కొట్టుదాకా చాలా దూరం, చాలా ఎండ చూసి ఉంటుంది. 2022లో వెలువడిన నాబ్‌కాన్స్ అధ్యయనం మన దేశంలో కోత తర్వాత వృథా అయ్యే కూరగాయలను రకాన్నిబట్టి 4.87 నుంచి 11.61 శాతంగా లెక్కకట్టింది. మీ పెరటికీ పక్కింటి వంటగదికీ మధ్య ఆ దారిలో ఏదీ లేదు.

ఫ్రిజ్ ఉందిగా అంటారేమో. ఫ్రిజ్ ఆకుకూరలకు మంచిదే. బెండ, వంకాయ, దోస, బీర, గుమ్మడి, పచ్చి టమాటా మాత్రం వేడి దేశాల పంటలు. సుమారు 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో చాలా రోజులుంటే వాటి కణాల పొరలు దెబ్బతింటాయి. బెండ మీద నల్లమచ్చలు, దోస మీద గుంటలు, వంకాయ లోపల గింజలు నల్లబడటం అన్నీ ఆ చలిదెబ్బే. పండిన టమాటా, అరటి పక్కన ఆకుకూర, దోస పెట్టకూడదు. పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు అవి త్వరగా పసుపుబారతాయి.

కరెంటు అవసరం లేని ఉపాయం ఒకటి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1980లలో రూపొందించింది. పూసా శీతల గది అని పేరు. ఇటుకలతో రెండు వరసల గోడ కట్టి, మధ్యలో ఇసుక పోసి, ఉదయం సాయంత్రం ఇసుకను తడుపుతారు. కుండలో నీళ్లు చల్లబడినట్టే తడి ఆరుతూ లోపలి వేడిని లాగేస్తుంది, తేమ ఎక్కువగా ఉండటంవల్ల కూరలు వాడవు. గాలి పొడిగా ఉన్నచోట, అంటే రాయలసీమ, తెలంగాణ వేసవుల్లో ఇది బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ నిండిన కోస్తా అక్టోబరులో అంత ఫలితం ఆశించకూడదు. ఆ రోజుల్లో అక్కడ పొరుగిల్లే నయం.

పంచే ముందు చేదు చూడండి

పంచుకోవడంలో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. కాయను ఇచ్చే ముందు గానీ, వండే ముందు గానీ చిన్న ముక్క కోసి నాలుక కొసకు తాకించి చూడాలి. చేదుగా ఉంటే ఉమ్మేసి, నోరు కడుక్కుని, కాయను పారేయాలి.

ఆనప కుటుంబపు మొక్కలు పురుగులనూ పశువులనూ దూరం పెట్టడానికి కుకుర్బిటాసిన్లు అనే చేదు విషాలను తయారుచేస్తాయి. మనం తినే రకాల్లో వేల ఏళ్ల ఎంపికవల్ల కాయలో ఇవి దాదాపు లేకుండా పోయాయి. ఒక్కోసారి అవి తిరిగి వస్తాయి. నీటి ఎద్దడి, తీవ్రమైన ఎండ వంటి ఒత్తిడి దీనికి ఒక కారణం. చేదు రకంతో సంకరమైన విత్తనం ఇంకో కారణం. పెంటకుప్ప మీద దానంతటది మొలిచిన ఆనప తీగ ఎక్కడి గింజదో తెలియదు కాబట్టి దాని మీద మరింత అనుమానం ఉండాలి.

ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. ఉదయాన్నే ఆనపకాయ రసం తాగితే ఆరోగ్యమని నమ్మి, చేదును ఓర్చుకుని తాగినవాళ్లు మన దేశంలో తీవ్రంగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. దీనిమీద భారతీయ వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసింది. చేదు రసం తాగిన కొద్దిసేపటికే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి. రక్తం కక్కడం, రక్తపోటు పడిపోవడం కూడా జరుగుతాయి. విరుగుడు మందు లేదు, ఆసుపత్రిలో లక్షణాలకు చికిత్స చేస్తారు. వండితే పోతుందనుకోవడం తప్పు. ఈ పదార్థాలు మామూలు వంట వేడికి నశించవు. ఉప్పు, బెల్లం, పెరుగు కలిపితే నాలుకకు తెలియకపోవచ్చు, కడుపుకు తెలుస్తుంది.

కాకరకాయ చేదు మరి? అదీ ఈ రసాయన కుటుంబానికి దగ్గర బంధువే గానీ, అందులోని పదార్థాలు వేరు. కూరలో మనం తినే మోతాదుకు అవి అలా దెబ్బతీయవు. చేదు కాకరకు సహజం, ఆనప, బీర, దోస, పొట్లకు ప్రమాద సూచన. చేదు మందులాంటిదని మనకు ఉన్న గౌరవం ఇక్కడ పనికిరాదు.

ఒక పాదు నుంచి ఒక్క కాయ చేదు తేలినా ఆ పాదు కాయలు ఎవరికీ ఇవ్వకండి. అప్పటికే ఇచ్చి ఉంటే వెళ్లి చెప్పండి. "పిన్నీ, మొన్న ఇచ్చిన ఆనపకాయ వండకండి, మాది చేదొచ్చింది" అనడానికి మొహమాటం అక్కర్లేదు. మందు చల్లిన తోటైతే, డబ్బా మీద రాసిన నిరీక్షణ రోజులు గడిచాకే కోయాలి, పంచాలి.

ఎండబెట్టాలా, ఊరబెట్టాలా?

తిని, పంచి, ఇంకా మిగిలితే నిలవ. ఒరుగులకు సూత్రం ఒకటే: సూక్ష్మజీవులకు అందే నీరు లేకుండా చేయడం. వంకాయ, కాకర, గోరుచిక్కుడు ముక్కలను ఉప్పునీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉడకనిచ్చి ఎండలో వేస్తారు. ఆ కాస్త ఉడుకువల్ల రంగు, రుచి పాడుచేసే ఎంజైములు ఆగిపోతాయి. వేలితో వంచితే ఫట్‌మని విరగాలి. వంగితే లోపల తడి ఉన్నట్టే, డబ్బాలో బూజు ఖాయం. తెలంగాణ, రాయలసీమల్లో కార్తీకపు పొడి ఎండ దీనికి సరిపోతుంది. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. అక్కడ మబ్బు చూసుకుని పల్చగా తరిగి, కొద్దికొద్దిగా వేయడం మేలు.

గోంగూర నిలవ పచ్చడికి ఆకులోని పులుపే సగం రక్షణ, మిగతా సగం ఉప్పు. ఆకు కడిగాక నీడలో తడి పూర్తిగా ఆరాలి, తర్వాత నూనెలో నీరంతా ఇగిరేదాకా మగ్గాలి. పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది, అంతే. అది దేన్నీ చంపదు. పులుపు, ఉప్పు తక్కువైన తడి పచ్చడి మీద నూనె పోస్తే, గాలి లేనిచోట పెరిగే ప్రమాదకర సూక్ష్మజీవులకే వసతి కల్పించినట్టు. ఆరోగ్యం కోసమని ఉప్పు, పులుపు బాగా తగ్గించి చేసుకున్న పచ్చడిని నిలవ పచ్చడి అనుకోకండి. ఫ్రిజ్‌లో పెట్టి వారం లోపు తినేయాలి.

ఆనపకాయను మాత్రం నిలవ చేయాలని చూడకండి. దానిలో ఉన్నది దాదాపు నీరే.

ఎవరికివ్వాలి, ఏమివ్వాలి

అందరికీ ఒకే వాన, ఒకే పొద్దు కావడంతో పక్కింటి పందిరికీ అదే వారం ఆనపకాయలు దిగుతాయి. మీరు ఒకటిస్తే వాళ్లు రెండిచ్చి పంపిస్తారు. దీనికి మందు కోత రోజున దొరకదు, నాటే రోజున దొరుకుతుంది. నాలుగిళ్లవాళ్లు జూన్‌లో ఒక్క మాట అనుకుని, ఒకరు ఆనప, ఒకరు బీర, ఒకరు పొట్ల, ఒకరు దోస పెడితే ప్రతి ఇంటికీ నాలుగు రకాలు అందుతాయి. బెండ, తోటకూర వంటివి ఒకేసారి కాకుండా పదిహేను రోజుల తేడాతో రెండు మూడు విడతలుగా విత్తుకుంటే కాపు ఒక్కసారే మీద పడదు. వీధి దాటి పంచాలంటే దగ్గరి అంగన్‌వాడీ, బడి వంటగది, హాస్టలు ఉన్నాయి. ముందుగా అడిగి, ఉదయం వంటకు అందేలా, ముదరని కాయలు ఇవ్వాలి. మనం తినలేక వదిలేసిన ముదురు బెండకాయలు దానమనిపించుకోవు.

చివరికి పంచేది విత్తనం. ఏ పూల పుప్పొడి పడినా ఈ ఏడాది కాయ రుచి మారదు, ఎందుకంటే మనం తినే కండ తల్లి తీగది. మార్పు లోపలి గింజల్లో దాగి, వచ్చే ఏడాది కాయల్లో బయటపడుతుంది. ఆనప పక్కన దోస పెడితే ఆనప చేదెక్కుతుందనే మాటకు ఆధారం లేదు, ఆ రెండూ సంకరం కావు. చేదు ఆనప దగ్గర్లో ఉంటే మంచి ఆనప గింజ మాత్రం నమ్మదగింది కాదు. కాబట్టి విత్తనం కోసం ఉంచాలనుకున్న ఆడ పువ్వును విచ్చుకోకముందే సాయంత్రం పల్చటి గుడ్డసంచితో మూయాలి. అదే రకం మగ పూలలో కొన్నింటికీ అలాగే సంచి కట్టాలి. విచ్చుకున్నాక సంచి తీసి, ఆ మగ పువ్వును ఆడ పువ్వుకు అద్ది మళ్లీ కట్టేయాలి. పిందె నిలిచాక కాడకు రంగుదారం గుర్తు పెట్టండి. ముదిరే కాయ పాదును నిలిపేస్తుంది కనుక ఈ పని కాపు చివర్లోనే, ఒక్క కాయకే. సంకర జాతి విత్తనంతో పెట్టిన పాదైతే ఈ శ్రమ వృథా, దాని గింజలు తల్లిలా కాయవు.

ఆనపకాయ ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమన్నాక కోయండి. గింజలను నీడలో బాగా ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి, పొట్లం కట్టి, పైన నాలుగు మాటలు రాయండి: రకం పేరు, ఏ నెలలో నాటింది, ఏ ఏడాది గింజ, కాయ చేదు చూశారా లేదా.